మైక్రోవేవ్ ఓవెన్: ప్లగ్గు దగ్గర నుంచి పళ్లెం దాకా

మైక్రోవేవ్ కొన్న ఇంట్లో మొదటి వారం రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "దాని ముందు నిలబడకమ్మా, కిరణాలు తగుల్తాయి" అని ఒకరు, "స్టీలు గిన్నె పెడితే బాంబులా పేలిపోద్దంట" అని ఇంకొకరు. ఆ భయంలో సగమైనా గోడకున్న సాకెట్టు మీద, బుడగ లేకుండా మరిగిపోయిన నీళ్ల మీద, కర్రీ పాయింటు కవర్ల మీద పెడితే బాగుండును. చేతులు కాలేదీ, వైర్లు మాడేదీ అక్కడే.

లోపల జరిగేది తెలిస్తే జాగ్రత్తలు బట్టీ పట్టక్కర్లేదు. మాగ్నెట్రాన్ అనే గొట్టం 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలను పుట్టిస్తుంది. వాటి పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. తిండిలో ఉన్న నీరు ఆ శక్తిని పీల్చుకుని వేడెక్కుతుంది. నూనె అంతగా పీల్చుకోదు. తరంగాలు కూరలోకి రెండు మూడు సెంటీమీటర్ల దాకానే బలంగా వెళ్తాయి, అక్కణ్నుంచి నడిమికి వేడి మెల్లగా పాకాల్సిందే. గాజు, పింగాణీ వాటికి అడ్డం రావు. లోహం వెనక్కి తిప్పికొడుతుంది. పొయ్యి మీద గిన్నె అయితే చిటపటలాడుతుంది, ఆవిరి కక్కుతుంది, అడుగంటిన వాసన ముందే చెప్పేస్తుంది. ఇక్కడ లైటు వెలుగుతుంది, పళ్లెం తిరుగుతుంది, అంతే. లోపల ఉన్నది ఎండి బొగ్గయ్యే దాకా బయటికి ఏమీ తెలియదు.

ముందు సాకెట్టు

డబ్బా మీద "800 వాట్లు" అని ఉంటుంది. అది తిండికి చేరే లెక్క. గోడ నుంచి లాగేది వేరు. 20 లీటర్ల సోలో (మైక్రోవేవ్ ఒక్కటే ఉన్న) ఓవెన్ సుమారు 1,100 నుంచి 1,250 వాట్లు లాగుతుంది. 28 లీటర్ల కన్వెక్షన్ రకం (వేడిగాలితో కూడా వండేది) కేకు చేసేటప్పుడు 2,000 వాట్లు దాటుతుంది. 230 వోల్టుల దగ్గర 2,200 వాట్లంటే 9.6 ఆంపియర్లు. మిక్సీ పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్టుకి అది మోయలేని బరువు. సోలోకి ఐదు ఆంపియర్ల పైచిలుకే కదా అని, పెద్ద ప్లగ్గుకి కన్వర్టర్ తగిలించి చిన్న సాకెట్టులో పెట్టేస్తారు. ఆ కన్వర్టర్‌లోని ఇత్తడి రేకు కాస్త వదులైతే చాలు, వేడంతా ఆ సందులోనే పుడుతుంది. పిన్నులు నల్లబడతాయి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది.

ఇంకో గుర్తు ఉంది, మన వైపు వాళ్లు ఇట్టే మోసపోయేది. స్విచ్‌లకు, ప్లగ్గులకు వాడే గట్టి ప్లాస్టిక్‌లో ఒక రకం మాడేముందు చేపల వాసన వేస్తుంది. శ్రీకాకుళం తీరంలో భావనపాడు, కళింగపట్నం చుట్టుపక్కల ఇళ్లలో ఆ వాసన వస్తే ఎవరికి అనుమానం వస్తుంది? పక్కింట్లో ఎండు చేపలు వేయిస్తున్నారనుకుంటారు. వంటింట్లో చేప లేని రోజున చేప వాసన వచ్చిందంటే మెయిన్ ఆపేసి స్విచ్‌బోర్డు చూడండి.

పరీక్ష సులువే. గాజు గిన్నెలో లీటరు నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఫుల్ పవర్ మీద నడపండి. స్విచ్ ఆపి, ప్లగ్గు లాగి, పిన్నుల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ భాగాన్ని తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు నిలవకపోతే సాకెట్టు మార్చాల్సిందే. కావలసింది 16 ఆంపియర్ల సాకెట్టు, మెయిన్ బోర్డు నుంచి దానికంటూ ఒక లైను, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. కన్వెక్షన్ అయితే 4 వేయించుకుంటే నిశ్చింత. ఆ లైను మీదే ఇండక్షన్ స్టవ్ కూడా పెట్టి, రెండూ ఒకేసారి వెయ్యకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎంత ఖరీదైనదైనా ఓవెన్‌కి వద్దు.

పాత ఇళ్లలో సాకెట్టుకి మూడో కన్నం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ఓవెన్ ఒళ్లంతా రేకు. తడి చేత్తో పట్టుకుంటే జివ్వుమందంటే ఎర్త్ లేదన్నమాట. ఎర్త్ గుంత ఉన్నా వేసవిలో మట్టి ఎండిపోతే అది ఉత్త గుంతే, వారానికో బకెట్ నీళ్లు పోయాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, పెట్టించుకోండి. ఓవెన్ కొన్న డబ్బులో అది చిన్న వాటా, ఇల్లంతటికీ పనికొస్తుంది.

వోల్టేజీ సంగతి కూడా ఇక్కడే. ఎండాకాలం సాయంత్రం ఏసీలన్నీ ఒకేసారి పడ్డాక లైను 180 వోల్టుల దగ్గరికి జారిందనుకోండి, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఓవెన్‌లో వేడి బాగా తగ్గిపోతుంది. ఉదయం రెండు నిమిషాల్లో పొగలు కక్కిన పప్పు రాత్రి అదే రెండు నిమిషాలకు గోరువెచ్చగా ఉంటుంది. ఓవెన్ పాడైందని మెకానిక్‌ని పిలిచేముందు మీటరు పెట్టి వోల్టేజీ చూడండి. స్టెబిలైజర్ కొంటే, డబ్బా మీద రాసిన లాగుడు వాట్లకు ఒకటిన్నర రెట్లు మోయగలిగింది కొనాలి. ఫ్రిజ్‌కి వాడే చిన్న స్టెబిలైజర్ దీనికి చాలదు.

ఎక్కువ వోల్టేజీ ఇంకా చేటు. గాలివానలో కరెంటు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే 230 రావలసిన ఇంట్లోకి 300 దాటి వచ్చేస్తుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలకు ఇది కొత్త చెప్పక్కర్లేదు. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే ఓవెన్ ప్లగ్గు లాగేసెయ్యండి, స్విచ్ ఆపితే సరిపోదు. కరెంటు తిరిగొచ్చాక పావుగంట ఆగి, లైట్లు మామూలుగా వెలుగుతున్నాయని చూసుకుని అప్పుడు పెట్టండి.

ఇంట్లో ఉండే 900 వీఏ ఇన్వర్టరు మీద ఓవెన్ నడవదు. "ఇన్వర్టర్ టెక్నాలజీ" అని డబ్బా మీద రాసి ఉంటుందే, దానికీ ఈ బ్యాటరీ ఇన్వర్టరుకీ సంబంధం లేదు. అది లోపలి పవర్‌ని ఆపి ఆపి కాకుండా సన్నగా తగ్గించే పద్ధతి. ఇల్లు కట్టేటప్పుడే వంటింటి 16 ఆంపియర్ల సాకెట్టుని ఇన్వర్టరు లైను నుంచి తప్పించమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పాలి.

ఎక్కడ పెట్టాలి

వెనక, పక్కల 10 సెంటీమీటర్లు, పైన 20 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. మీ మోడల్ పుస్తకంలో ఇంకా ఎక్కువ రాసి ఉంటే అంతా వదలాలి. అల్లికల గుడ్డ కప్పి, దాని మీద పూలకుండీ పెట్టి, పండక్కి అదే గుడ్డతో ఓవెన్ నడిపేస్తుంటారు. గాలి రంధ్రాలు మూసుకుపోతే మాగ్నెట్రాన్ వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది, అదృష్టం బాగుంటే. గుడ్డ కప్పుకోవచ్చు, నడిపేటప్పుడు తీసేయాలి. ఫ్రిజ్ మీద పెట్టొద్దు. అంత ఎత్తు నుంచి మరిగే సాంబారు దించడమంటే ముఖం మీదికి తెచ్చుకోవడమే. గ్యాసు పొయ్యికి ఆనించి పెడితే తాలింపు ఆవిరి రంధ్రాల్లోంచి పోయి లోపలి బోర్డు మీద జిడ్డుగా పేరుకుంటుంది.

ఆ జిడ్డుకి బొద్దింకలు వస్తాయి, వాటి వెనకే బల్లి. బల్లి సర్క్యూట్ బోర్డు మీద పడుకుని షార్టు చేసిన ఓవెన్లు మెకానిక్ షాపుల్లో మామూలే. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తుప్పు ఇంకో తలనొప్పి. ఓవెన్ అరుదుగా వాడే ఇల్లయితే వానాకాలంలో వారానికోసారి గ్లాసుడు నీళ్లు పెట్టి రెండు నిమిషాలు నడిపి, లోపల తడి తుడిచి, తలుపు పది నిమిషాలు తీసి ఉంచండి.

గిన్నెల సంగతి

స్టీలు గిన్నె పెట్టగానే పేలదు. తరంగాలు వెనక్కి తిరిగి మాగ్నెట్రాన్ మీదికే పోతాయి, కూర పైపైన తప్ప వేడెక్కదు. సన్నటి అంచు, మొన, మడత ఉన్నచోట మాత్రం నిప్పురవ్వలు లేస్తాయి. ఫోర్కు కొనలు, నలిపిన అల్యూమినియం ఫాయిల్, టీ సంచికి కొట్టిన స్టేప్లర్ పిన్ను, గోడకి ఆనిన చెంచా ఇందుకు పేరుపడ్డాయి. బుడితి ఇత్తడి గిన్నె ఎంత ముద్దుగా ఉన్నా దాని చోటు గట్టు మీదే. బంగారు గీత ఉన్న పింగాణీ కప్పులు కూడా అంతే. ఆ గీత నిజంగానే లోహం, ఒక్కసారికే నల్లగా మాడిపోతుంది.

గిన్నె పనికొస్తుందో లేదో తెలియకపోతే ఇలా చూడండి. ఆ గిన్నెని ఖాళీగా పెట్టి, పక్కనే గాజు కప్పులో 200 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి ఒక నిమిషం నడపండి. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. నీళ్లకన్నా గిన్నె ఎక్కువ కాలితే వద్దు. మెలమైన్ ప్లేట్లు, మెరుపు పూత లేని మట్టి మూకుళ్లు చాలామటుకు ఈ పరీక్షలో తప్పుతాయి. మట్టి తాను పీల్చుకున్న నీటితో తానే వేడెక్కి చిట్లిపోతుంది. లోహపు గిన్నెకి ఈ పరీక్ష పెట్టకండి.

వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు మంచిదే. దాన్ని పగలగొట్టేది ఓవెన్ కన్నా ఎక్కువగా మన గ్రానైట్ గట్టు. నిప్పులాంటి గాజు గిన్నె తీసి తడిసిన చల్లటి రాయి మీద పెడితే టప్పున రెండు ముక్కలు. పాత గుడ్డో చెక్క పలకో వేసి దాని మీద పెట్టండి. తిరిగే గాజు పళ్లెం కూడా చల్లారకుండా కుళాయి కింద పెట్టొద్దు.

ప్లాస్టిక్ దగ్గర కాస్త ఆగుదాం. అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీన్. మైక్రోవేవ్‌కి పనికొస్తుందని గుర్తు కూడా ఉంటేనే వాడాలి. 1 అంకె ఉన్న నీళ్ల సీసాల రకం, 6 అంకె ఉన్న థర్మాకోల్ రకం వద్దు. మంచి డబ్బాకి కూడా ఒక చిక్కుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, కూర మీద తేలే నూనె ఆగదు, ఇంకా పైకి పోతుంది. అందుకే గోంగూర మటన్ వేడి చేసిన డబ్బా లోపల సరిగ్గా నూనె గీత దగ్గర చుట్టూ గరుకుగా, పొక్కులు లేచినట్టు ఉంటుంది. అక్కడ ప్లాస్టిక్ కరిగింది. ఎక్కడికి పోయిందో వేరే చెప్పక్కర్లేదు. నూనె కూరలు, బెల్లం పాకాలు గాజులోనే. కర్రీ పాయింటు నుంచి పల్చటి కవర్లో రబ్బరు బ్యాండు కట్టి తెచ్చిన పప్పుని కవరుతో సహా పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. ముడి గట్టిగా ఉంటే పేలుతుంది, వదులుగా ఉంటే కరుగుతుంది.

న్యూస్ పేపరు, పకోడీ పొట్లం లోపల పెట్టొద్దు. ఇంకు, నూనె, ఎండు కాగితం మూడూ కలిస్తే నిప్పు దూరం కాదు. గ్రిల్, కన్వెక్షన్ ఉన్న ఓవెన్లలో నిబంధనలు తారుమారవుతాయి. ఇనప స్టాండు పుస్తకంలో చెప్పిన మోడ్‌లోనే, గోడలకు తగలకుండా వాడాలి. ప్లాస్టిక్ మూత ఆ మోడ్‌లలో పెట్టకూడదు. కేకు తీసిన వెంటనే అదే ఓవెన్‌లో ప్లాస్టిక్ డబ్బా పెట్టి పాడుచేసుకున్నవాళ్లు ఎందరో. లోపల గోడలు ఇంకా 180 డిగ్రీల మీద ఉంటాయి మరి.

మరగని నీళ్లు, పేలే గుడ్లు

నున్నటి గాజు గ్లాసులో నీళ్లు మూడు నాలుగు నిమిషాలు వేడి చేస్తే ఒక్కోసారి ఒక్క బుడగ కూడా రాదు. బుడగ పుట్టడానికి గరుకైన చోటు కావాలి, కొత్త గ్లాసులో అది దొరకదు. నీళ్లు 100 డిగ్రీలు దాటి కూడా నిశ్చలంగా నిలబడి ఉంటాయి. బయటికి తీసి కాఫీ పొడి వేశారో, చెంచా దించారో, ఒక్క క్షణంలో గ్లాసులో సగం నీళ్లు చేతుల మీదికి, ముఖం మీదికి ఎగచిమ్ముతాయి. ఒకసారి మరిగించి చల్లారిన నీళ్లని మళ్లీ వేడి చేస్తే ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది, కరిగి ఉన్న గాలి ముందే పోయి ఉంటుంది కాబట్టి. 250 మిల్లీలీటర్లకు 800 వాట్ల దగ్గర రెండు నిమిషాలు చాలు. ముందే ఒక చెక్క పుల్ల గాని, కర్ర చెంచా గాని నీళ్లలో వేసి ఉంచండి. ఆగాక తలుపు తియ్యకుండా అర నిమిషం వదిలేయండి. ఒంటి మీద పడితే కాలిన చోటుని కుళాయి కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు రాయకండి.

గుడ్డు ఇంకో రకం. పెంకుతో పెడితే లోపలే పేలుతుందని అందరికీ తెలుసు. పెంకు తీసిన ఉడికిన గుడ్డు కూడా పేలుతుందన్నది తెలియదు. పచ్చసొన లోపల చిన్న చిన్న నీటి గూళ్లు మరిగే స్థితి దాటి నొక్కుకుని కూర్చుంటాయి. ఓవెన్‌లో ఏమీ కాదు, పంటితో కొరికినప్పుడు నోట్లో పేలుతుంది. నిన్నటి కోడిగుడ్డు పులుసు వేడి చేస్తున్నారా? గుడ్లు బయటికి తీసి, రెండు ముక్కలుగా కోసి, మళ్లీ పులుసులో వేసి సగం పవర్‌లో పెట్టండి.

తోలు మూసి ఉన్నదేదైనా ఇదే కథ. వంకాయ, టమాటా, బంగాళాదుంప, చిలగడదుంపలకు ఫోర్కుతో ఆరేడు పోట్లు పొడవాలి. 250 గ్రాముల చిలగడదుంపకి తడి తడిగా పెట్టి నాలుగైదు నిమిషాలు చాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. పది నిమిషాలు పెట్టి మరిచిపోతే పైన తోలు మామూలుగానే ఉంటుంది, నడిమి నుంచి పొగ మొదలవుతుంది. ఉద్దానం పనస వచ్చే రోజుల్లో పిక్కలు మిగులుతాయి కదా, ఒక్కొక్క దానికీ చాకుతో గాటు పెట్టి, పదింటికి రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత వారగా పెట్టి రెండు నిమిషాలు నడపండి. గాటు లేనిది తుపాకీ గుండే.

చోడి (రాగి) అంబలి, ముద్దపప్పు లాంటి చిక్కటివి ఊరికే కూర్చుని ఉన్నట్టుండి గుబుక్కున పైకి లేస్తాయి. అడుగున ఆవిరి పట్టుకుని బయటికి దారి దొరక్క అలా చేస్తుంది. గిన్నె సగానికి మించి నింపకండి, సగం పవర్, నిమిషానికోసారి కలపడం. మూత తీసేటప్పుడు మీకు అవతలి వైపు అంచు ముందు ఎత్తండి, ఆవిరి అటు పోతుంది.

పలాస జీడిపప్పు వేయించడం

ఓవెన్ స్వభావం ఒక్క పనిలో చూడాలంటే జీడిపప్పు వేయించి చూడండి. 100 గ్రాముల బద్దలు, ఒక టీ చెంచా నెయ్యి, వెడల్పాటి గాజు పళ్లెం. ఒక్క వరసగా, నడిమి ఖాళీ వదిలి, చేతి గాజులా గుండ్రంగా పరచండి. 800 వాట్ల దగ్గర ఒక నిమిషం. తీసి కలపండి, అప్పటికి ఏమీ కానట్టే ఉంటుంది, కాస్త మెత్తబడుతుంది. మళ్లీ అర నిమిషం, కలపండి. ఇంకో అర నిమిషానికి వాసన మొదలవుతుంది. ఇక్కణ్నుంచి 15 సెకన్ల చొప్పునే. ఒక బద్ద తుంచి లోపల చూడండి, పైకన్నా లోపలే ముదురుగా ఉంటుంది, బాణలిలో వేగినదానికి సరిగ్గా తిరగేసి. లేత బంగారు రంగు రాగానే ఆపి వెంటనే స్టీలు పళ్లెంలోకి వంచెయ్యాలి. గాజు మీదే వదిలేస్తే దాని వేడికి ఇంకో రెండు నిమిషాలు వేగుతూ ఉంటుంది. "ఇంకొంచెం రంగు రానీ" అని అర నిమిషం ఎక్కువ ఇచ్చినవాళ్లకు పైన తెలుపు, లోపల బొగ్గు. నీరు అయిపోయిన తిండికి మరుగు అనే హద్దు లేదు, వేడి ఎక్కడా ఆగదు.

తొక్కతో ఉన్న జీడిపిక్కలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ తొక్కలోని జీడినూనె చర్మాన్ని కాల్చేది, నిప్పంటుకునేది. పొయ్యి మీద కాల్చినప్పుడు అది చిమ్ముకుంటూ మండటం చూసినవాళ్లు దాన్ని మూసి ఉన్న పెట్టెలో ఊహించుకుంటే చాలు.

ఎండు మిరపకాయలు, ఊర మిరపకాయలు కూడా వద్దు. ఘాటంతా లోపల నిండి, తలుపు తీసిన మనిషికి ఊపిరాడదు. తాలింపు కూడా ఇందులో పెట్టకండి. మైక్రోవేవ్ మోడ్‌లో నూనె వేడిని కొలిచి ఆపే ఏర్పాటు ఏదీ ఉండదు. ఇలాంటి పనులకు పొయ్యే మేలు. 200 ఆటో కుక్ మెనూలు ఉన్నాయని షాపులో ఊదరగొడతారు, వాటిలో పది వాడే ఇల్లు కూడా అరుదు.

అన్నం, పాలు

నిన్నటి అన్నంలో చేటు చేసేది ఓవెన్ కాదు, దానికి ముందు గడిచిన గంటలు. బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు (స్పోర్లు) వండినా చావవు. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి బయట ఉంటే పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం ఎంత వేడి చేసినా పోదు. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి రెండు గంటల్లోపు, ఎండాకాలం గంటలోపు, ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి తినెయ్యాలి, ఒక్కసారే వేడి చెయ్యాలి.

వేడి చేసే పద్ధతి: 200 గ్రాముల అన్నం, గడ్డలు చిదిమి, నడిమి గుంటలా చేసి, పెద్ద చెంచాడు నీళ్లు చల్లి, మూత వారగా. 800 వాట్ల దగ్గర నిమిషం పావు, బయట అంచు లోపలికి, లోపలిది బయటికి కలిపి మరో ముప్పావు నిమిషం. తర్వాత రెండు నిమిషాలు మూత తియ్యకుండా వదిలేయాలి. ఈ ఆగడమే చాలామంది మానేస్తారు. ఒక మెతుకు నాలుక కాల్చి పక్క మెతుకు చల్లగా తగలడం దానివల్లే. నడిమి భాగం 75 డిగ్రీలు దాటాలి, అంటే ఎక్కడ చెయ్యి పెట్టినా పొగలు రావాలి.

పసిపిల్లల పాలసీసా ఓవెన్‌లో పెట్టకూడదు. సీసా పైకి చల్లగా ఉంటుంది, నడిమి పాలు నోరు కాలేంత వేడిగా ఉంటాయి. గిన్నెలో వేడినీళ్లు పోసి సీసాని అందులో నిలబెట్టడమే సరైన పద్ధతి.

టైములు మీ ఓవెన్‌కి సరిపోవడం లేదంటే దాని అసలు బలం కొలవండి. గాజు గిన్నెలో సరిగ్గా లీటరు నీళ్లు, థర్మామీటరుతో వేడి చూసి, ఫుల్ మీద రెండు నిమిషాలు నడిపి, కలిపి మళ్లీ చూడండి. పెరిగిన డిగ్రీలను 35తో గుణిస్తే వాట్లు. 20 డిగ్రీలు పెరిగితే 700. ఎక్కడో 900 వాట్లకు మూడు నిమిషాలని రాసి ఉంటే మీకు మూడు నిమిషాల 50 సెకన్లు. కొన్నప్పుడు 750 వచ్చి, అదే వోల్టేజీ దగ్గర ఇప్పుడు 450 వస్తుంటే మాగ్నెట్రాన్ ముసలిదైంది.

తలుపు, కిరణాలు, అట్టముక్క

ఇప్పుడు ఆ కిరణాల సంగతి. తలుపు జాలీ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, తరంగం 12 సెంటీమీటర్లు, ఆ కన్నంలోంచి దూరలేదు. బయటికి వచ్చే లీకేజీకి హద్దు ఉంది: 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు. నాలుగడుగులు వెనక్కి వేస్తే అది కూడా లెక్కలోకి రాదు. ఓవెన్ ఆగిన క్షణంలో తరంగాలూ ఆగిపోతాయి, తిండిలో ఏమీ మిగలదు. లోపల ఫోను పెట్టి రింగవుతుందేమో చూసే పరీక్షకు అర్థం లేదు. ఫోను వాడే తరంగాలు వేరు, దానికి చాలే సిగ్నల్ అణుమాత్రం.

చూడాల్సింది తలుపుని. వేలాడిపోయినా, బిజాగిరీ వదులైనా, జాలీ చిరిగినా, అంచున తిండి గట్టిపడి సరిగా మూసుకోకపోయినా వాడకండి. తలుపు దగ్గర మామూలుగా మూడు స్విచ్‌లుంటాయి. మొదటి రెండూ మొరాయిస్తే మూడోది ఫ్యూజు కాల్చేసి ఓవెన్‌ని చంపేస్తుంది, అంత పట్టుదలగా తయారుచేశారు. నడుస్తుండగా తలుపు లాగడం కన్నా స్టాప్ నొక్కి తెరిస్తే ఆ స్విచ్‌లు ఎక్కువ కాలం మన్నుతాయి. తలుపు తీసి ఉన్నా నడుస్తోందంటే అప్పుడే ప్లగ్గు లాగి పక్కన పెట్టేయాలి.

లోపల కుడి గోడకి బూడిద రంగు అట్టలాంటిది ఉంటుంది. అది మైకా రేకు, తరంగాలు వచ్చే దారికి మూత. చిరాకుతో పీకి పారెయ్యకండి. దాని మీద కూర చిమ్మి గట్టిపడితే అదే బొగ్గై రవ్వలు లేస్తాయి. తడి గుడ్డతో మెల్లగా తుడవాలి. కన్నం పడితే ప్లగ్గు లాగి, పాతదాన్ని కొలతగా పెట్టి కొత్త రేకు కత్తెరతో కత్తిరించి బిగించడమే, చవకైన పని. రేకు లేకుండా నడిపితే ఎగిరిపడిన నూనె లోపలి దారిలోకి పోయి మాగ్నెట్రాన్‌ని కాల్చేస్తుంది.

శుభ్రం చెయ్యడానికి 200 మిల్లీలీటర్ల నీళ్లలో అర నిమ్మచెక్క పిండి, చెక్కా అందులోనే వేసి, మూడు నిమిషాలు నడిపి, ఐదు నిమిషాలు తలుపు మూసే ఉంచి, తర్వాత తుడవండి. స్టీలు పీచు వద్దు, గీతలు పడిన చోట రంగు లేచి తుప్పు పడుతుంది, తుప్పు దగ్గర రవ్వలు వస్తాయి. ఖాళీ ఓవెన్ నడపకూడదు. పిల్లలు బటన్లు నొక్కే ఇల్లయితే లోపల ఎప్పుడూ గ్లాసుడు నీళ్లుంచండి, చైల్డ్ లాక్ వేసుకోండి.

లోపల మంట లేస్తే తలుపు తియ్యొద్దు. తీస్తే గాలి తగిలి మంట బయటికి వస్తుంది. స్టాప్ నొక్కి, గోడ దగ్గర స్విచ్ ఆపి, అందితే ప్లగ్గు లాగండి. గాలి అందక దానంతట అదే ఆరిపోతుంది. పొగ పూర్తిగా తగ్గాక, లోపల ఎర్రగా ఏమీ లేదని గాజులోంచి చూసి అప్పుడు తెరవాలి. నీళ్లు పోయకండి. మంట పెట్టె దాటి బయటికి వచ్చిందంటే అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చెయ్యండి.

పై రేకు ఇంట్లో విప్పకూడదు, ఫ్యూజు మార్చడానికైనా సరే. లోపల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 2,000 వోల్టులు, మాగ్నెట్రాన్ దగ్గర 4,000 దాకా ఉంటాయి. ప్లగ్గు లాగినా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచి ఉండొచ్చు. టీవీ, ఫ్యాను బాగుచేసే చెయ్యి అనుభవం ఇక్కడ పనికిరాదు. మెకానిక్ వస్తే, రేకు తీశాక మొదట కెపాసిటర్ డిశ్చార్జి చేస్తున్నాడో లేదో గమనించండి, చెయ్యకుండా చెయ్యి పెట్టేవాడితో పని చేయించుకోకండి. ఓవెన్ పూర్తిగా చచ్చిపోతే పాత సామాన్లు కొనేవాళ్లకు ఇచ్చేముందు ప్లగ్గు లాగి వైరు మొదట్లో కత్తిరించేయండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీసి చెక్క మీద మెరుపుల బొమ్మలు కాల్చే వీడియోలు తిరుగుతున్నాయి, దేశదేశాల్లో మనుషులు దానికి చచ్చిపోయారు. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే వైరు కత్తిరించిన ఓవెన్‌ని కూడా అటకెక్కించకుండా ఆ రోజే పంపించేయండి.